పాత ఇంజనుకు ఏ రంగు?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదిక మీదినుండి భారత కవులను గూర్చియు, కూచిపూడి నాట్యమును గూర్చియు, మన శాసనములను గూర్చియు పెద్దలు ప్రసంగించుట వినుచున్నాము. ఈ పర్యాయము కార్యదర్శిగారు నన్ను మాటాడుమని కోరుచు, "మీరు చరిత్ర చదువుకొన్నవారు గదా, శాతవాహనులను గూర్చి చెప్పండి" అనిరి. "వారి సంగతి మీకును తెలిసినదే. నేను పాత ఇంజనుకు రంగు వేయుటను గూర్చి చెప్పెదను" అంటిని. వారు ఒక్క క్షణము ఆలోచించి, "సరే, వేయండి" అనిరి. ఆ యనుమతి మీదనే మీ ముందు నిలిచియున్నాను.

నేను ఇంజనీరును గాను. రసాయన శాస్త్రవేత్తను గాను. పగలెల్ల ఫైళ్ళపై నోట్లు వ్రాయువాడను. కావున నేను చెప్పబోవునది పండితుని ఉపదేశము కాదు. ఒక పర్యాయము పొరపాటు చేసి, దాని కారణమును తెలిసికొని, రెండవ పర్యాయము సరిదిద్దుకొన్నవాని అనుభవము మాత్రమే. మనలో పలువురి యిండ్లలో తాతల నాటి వస్తువేదో ఒకటి, స్కూటరో, నీటి పంపో, మూలబడి యుండును. దానిని మరల నడిపింపవలెనను కోరిక గలవారికి నా మాటలు కొంత ఉపకరింపవచ్చునని ఆశ.

మా యూరు బాపట్లకు చేరువ. సముద్రమునకు దగ్గరి యిసుక నేల. మా తాతగారి తోటలోని బావికి మోట యుండెడిది. రెండు ఎద్దులును, ఒక తోలు బానయు, తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచిన మనిషియు ఉన్నగాని మడికి నీరు పాఱెడిది కాదు. 1955వ సంవత్సర ప్రాంతమున తాతగారు ఒక ఇంజనును సెకండ్‌హ్యాండున కొనిరి. అది ఇంగ్లండు దేశమున డర్స్‌లీ అను పట్టణమునందలి లిస్టరు కర్మాగారమువారిది. వారు 'డి' తరగతి యను చిన్న ఇంజనును 1926వ సంవత్సరమున ఆరంభించి 1960 దాటినంత వఱకు తయారుచేసిరి. పెట్రోలుతో నడచు రకమునకు ఒకటిన్నర అశ్వశక్తి. మాది ఆ కుటుంబములోనిదే గాని, పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కిన పిమ్మట కిరసనాయిలునకు మార్చు రకము. ఆనాటి పల్లెలలో పెట్రోలు అరుదు, కిరసనాయిలు చౌక. కావున రైతులకు అట్టి ఇంజనే అనువైనది.

ఆ ఇంజను తోడిన నీటితో పండిన మిరపయు, కూరగాయలును మా నాన్నగారిని చదివించినవి. తోటకు విద్యుత్తు మోటారు వచ్చిన తరువాత గూడ, 1980 తరువాతి దినములలో, కరెంటు పోయినప్పుడెల్ల నాన్నగారు హ్యాండిలు త్రిప్పి దానిని లేపెడివారు. ఆ శబ్దము వీధి చివరనున్న బడి వఱకు వినబడెడిది. పిమ్మట దానికి పని లేకపోయినది. కొట్టములో మూలబడినది. పాత ఇనుము కొనువాడు రెండు పర్యాయములు వచ్చి బేరమాడెను. రెండు పర్యాయములును నాన్నగారు బదులు చెప్పక లోపలికి పోయిరి.

2024వ సంవత్సర ప్రారంభమున నాన్నగారికి సహస్ర చంద్రదర్శన శాంతి చేయ నిశ్చయించితిమి. "మీకేమి కావలెను?" అని అడిగితిని. ఆయన ఏదియు కోరు స్వభావము గలవారు కారు. కొంచెము ఆలోచించి, "ఆ ఇంజను ఒక్కసారి తిరిగితే వినాలని ఉందిరా" అనిరి. అప్పటికే వారికి చూపు తగ్గుచుండెను. "చూడవలెనని" అనక "వినవలెనని" అనుట నా మనస్సులో నాటుకొన్నది.

పది దినముల సెలవు పెట్టి ఊరికి పోతిని. పట్టణమునుండి వచ్చిన మెకానిక్కు మాగ్నెటోను బాగుచేసి, కార్బురేటరును శుభ్రపఱచెను. రంగు వేయుట నా వంతు. దుకాణమునకు పోయి, "ఇంజనుకు ఆకుపచ్చ రంగు కావలెను, నిగనిగలాడవలెను" అంటిని. గేట్లకును కిటికీ ఊచలకును వేయు సింథటిక్ ఎనామెలు డబ్బా ఒకటి ఇచ్చిరి. నేనడిగినదానికి వారిచ్చినది సరియైన వస్తువే. నా ప్రశ్నయే సరియైనది కాదు. శుభకార్యమునకు నాలుగు దినముల ముందు రెండు పూతలు వేసితిని. చూచినవారందఱును మెచ్చుకొనిరి.

ఆనాడు హోమము ముగిసిన పిమ్మట బంధువులందఱు కొట్టము చుట్టు చేరిరి. పురోహితులు ఇంజనుకు గూడ కుంకుమ పెట్టిరి. మా తమ్ముడు గరాటుతో పెట్రోలు పోయుచుండగా, కొంత తొణకి టాంకు ప్రక్కగా జాఱినది. నాన్నగారు ఎప్పటి యలవాటు చొప్పున ఎడమచేయి టాంకుపై ఆనించి, కుడిచేత హ్యాండిలు పట్టిరి. మూడవ త్రిప్పుడుకు ఇంజను లేచినది. అందఱు చప్పట్లు కొట్టిరి. నాన్నగారు చేయి తీసిరి. అరచేయి అంతయు ఆకుపచ్చ. చేయి ఆనిన చోట రంగు పాలమీది మీగడవలె ముడుతలు పడి ఊడివచ్చినది. ఏమియు తెలియక ఆయన ఆ చేతిని క్రొత్త పంచెకు తుడుచుకొనిరి. పిల్లలు నవ్విరి. విషయము చెప్పగా ఆయనయు నవ్వి, "పోనీలేరా, తిరిగిందిగా, చాలు" అనిరి. ఐనను ఆ దినమున మరల ఇంజను దగ్గఱకు రాలేదు.

ఆ సాయంకాలము మా మేనమామగారు నన్ను ప్రక్కకు పిలిచిరి. కళాశాలలో రసాయన శాస్త్రము బోధించి విశ్రాంతి గైకొన్నవారు. "ఏరా అల్లుడూ, రంగు కొనేటప్పుడు అది ఎలా కనిపిస్తుందని అడిగావా, దానిమీద ఏం పడుతుందో చెప్పి అడిగావా?" అనిరి. నేటి నా ప్రసంగమునకు సారమంతయు ఆ ఒక్క ప్రశ్నయే. తక్కినది దానికి వ్యాఖ్యానము.

రంగు ఆఱుట అనిన అందఱకు ఒక్కటే యని నేను తలచితిని. మూడు విధములని మామయ్యగారు చెప్పిరి.

మొదటిది, ద్రావకము ఆవిరియై పోవుటవలన ఆఱునది. పూర్వము మోటారు కారులకు వేసిన నైట్రోసెల్యులోజు లాకరులును, వడ్రంగులు వేయు లక్క పాలిషును ఈ జాతివి. ఇవి బెల్లపు పాకమువంటివి. ఆఱి గట్టిపడినను, మరల నీరు తగిలిన బెల్లము కరగునట్లు, తమ ద్రావకము మరల తగిలినచో కరగును.

రెండవది, గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడునది. అవిసె నూనెతో కలిపిన పూర్వపు రంగులును, నేటి సింథటిక్ ఎనామెళ్ళును ఈ జాతివి. ఇవి కొన్ని గంటలలో చేతికి అంటకుండును. మఱునాటికి గట్టిపడినట్లు కనబడును. కాని లోపలి వఱకు పక్వమగుటకు వారములు పట్టును. నాలుగు దినముల పూత పైకి పండినట్లున్నను లోపల పచ్చికాయయే. పూర్తిగా పక్వమైన ఎనామెలు కిరసనాయిలు చుక్కలకును, డీజిలు మరకలకును వెంటనే తుడిచినచో ఓర్చును. పెట్రోలు పదే పదే కారుచుండినచో అదియును క్రమముగా మెత్తబడును.

మూడవది, రెండు డబ్బాలలో వచ్చునది. ఒకదానిలో రంగు, రెండవదానిలో హార్డెనరు. కలిపినంతనే రెంటికిని రసాయన చర్య మొదలగును. ఇది పాలలో తోడు వేయుటవంటిది. పెరుగైన పిమ్మట మరల పాలు కావు గదా! ఎపాక్సీలును, పి.యు. అని వ్యవహరింపబడు పాలీయురిథేను రంగులును ఈ జాతివి. పక్వమైనచో వీని యణువులు వలవలె ఒకదానితోనొకటి ముడివడి యుండుటచే పెట్రోలు ఆ వలను విప్పలేదు.

పెట్రోలు ఎనామెలును అంత సులభముగా ఏల ఊడదీసినది? రంగు పలుచన చేయు థిన్నరులలో నుండు టాలుయీను, జైలీను వంటి ద్రవ్యములు పెట్రోలులోను గలవు. మన దేశమున నేటి ప్రమాణము ప్రకారము ఇట్టి యారొమాటిక్కులు పెట్రోలులో నూటికి 35 పాళ్ళ వఱకు ఉండవచ్చును. అనగా పచ్చి ఎనామెలుపై పెట్రోలు పోయుట, దానిపై పలుచని థిన్నరు పోయుటవంటిదే. కిరసనాయిలునకు అంతటి శక్తి లేదు. ఐనను అదియును నిరపాయము కాదు. మా ఇంజనునే పరీక్షించి చూడగా, కార్బురేటరు క్రింద ఏండ్ల తరబడి చుక్కలు కారిన చోట తాతల నాటి రంగు పూర్తిగా పోయి, ఇనుము నల్లబడి యున్నది. చుక్క పడని వెనుక భాగమున ఆ రంగు ఇంకను నిలిచియున్నది. ఏ రంగు ఎచ్చట కావలెనో ఇంజనే వ్రాసి చూపుచున్నది, చదువుకొనువాడే లేకపోయెను.

ఇచ్చట ఇంకొక చిక్కు గలదు. తాతగారి నాటి పెట్రోలు వేఱు, నేటి పెట్రోలు వేఱు. చెఱకు మడ్డినుండియు, ధాన్యమునుండియు తీసిన ఇథనాలును, అనగా సారాయమును, పెట్రోలులో కలుపుట మన దేశమున హెచ్చుచు వచ్చినది. 2022లో నూటికి 10 పాళ్ళు, 2025 నాటికి 20 పాళ్ళు అయినది. మా యూరిలో కిరసనాయిలు దొరకుట లేదు. కావున ఆ ఇంజనును ఇప్పుడు పెట్రోలుతోనే నడుపవలెను. అనగా ఇంధనము రెండు విధముల మాఱినది. పాతవారు వాడిన రంగునే వేయుదునని పట్టుబట్టినచో, వారు ఎఱుగని శత్రువునకు దానిని అప్పగించినట్లగును.

దీనికి లక్కయే మంచి నిదర్శనము. వరాహ నది యొడ్డున ఏటికొప్పాక బొమ్మలను మీరందఱు ఎఱుగుదురు. వాని నిగారింపు లక్కది. ఆ లక్క పెట్రోలులో కరగదు, కిరసనాయిలులోను కరగదు. అందుచేత వెనుకటి మెకానిక్కులు ఇంధనపు గొట్టముల అతుకులకు లక్క పూసెడివారు; కార్బురేటరులోని బెండు తేలుడుకు గూడ లక్క పూతయే వేసెడివారు. అది వారి తెలివి. కాని లక్కను కరగించునది స్పిరిటు, అనగా ఆ సారాయమే. అది కలిసిన నేటి పెట్రోలులో ఆ పూత క్రమముగా మెత్తబడి, బెండు ఇంధనమును పీల్చి మునుగును. మా మెకానిక్కు ఆ పాత తేలుడు తీసివేసి ఇత్తడిది వేసెను. పాతవారి పద్ధతి తప్పు కాదు. అది వారి ఇంధనమునకు సమాధానము. మన ఇంధనమునకు మన సమాధానము మనము వెదకుకొనవలెను.

ఇక రెండవ ప్రయత్నము. 2024 వేసవి సెలవులలో మా అమ్మాయితో గూడ ఊరికి పోతిని. దానికి పండ్రెండేండ్లు. "తాతగారి ఇంజనుకు నేనూ రంగు గీకుతా" అని ఎమరీ కాగితము పట్టుకొని కూర్చున్నది. రెండు దినములు ఇద్దఱము గీకితిమి. నా ఎనామెలు పోయినది. దాని క్రింద పాత ఆకుపచ్చ వచ్చినది. దాని క్రింద ఎఱ్ఱని యస్తరు వచ్చినది. దుమ్ము పిల్ల జుట్టున, చేతుల నిండ. ఆ చేతులతోనే మధ్యాహ్నము మామిడిపండు తిన్నది. మూడవనాడు మామయ్యగారు వచ్చి, ఆ ఎఱుపును చూచినంతనే పిల్ల చేతిలోని కాగితము లాగివేసిరి. "అది సిందూరంరా! సీసం!" అనిరి.

సోదరులారా, ఈ సంగతి మీరు తప్పక జ్ఞాపకముంచుకొనవలెను. పూర్వకాలమున ఇనుముపై తుప్పు పట్టకుండుటకు వేసిన ఎఱ్ఱ యస్తరు సాధారణముగా సీసపు సిందూరము. ఆకుపచ్చ గూడ నిర్దోషి కాదు. బ్రన్స్‌విక్ ఆకుపచ్చ యని పిలువబడు ఆ రంగును ప్రష్యను నీలమును క్రోము పసుపుతో కలిపి చేసెడివారు; క్రోము పసుపు సీసపు సమ్మేళనమే. పిల్లల శరీరములో సీసము ఇంత వఱకు చేరినను హాని లేదని చెప్పదగిన హద్దు ఏదియు తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మఱునాడే గుంటూరు తీసికొనిపోయి రక్తపరీక్ష చేయించితిమి. ఫలితము వచ్చుటకు నాలుగు దినములు పట్టినది. ఆ నాలుగు రాత్రులు నాకు నిద్ర లేదు. వైద్యులు చూచి, చికిత్స అక్కఱలేదు గాని ఇక ఆ దుమ్ము జోలికి పోనీయవద్దనిరి. ఆ మాట విన్న పిమ్మట మా అమ్మాయి, "నాన్నా, నువ్వు కూడా గీకకు" అన్నది.

కావున పాత రంగును పొడిగా గీకరాదు. మంట పెట్టి కాల్చరాదు, సీసపు పొగ మఱింత ప్రమాదము. రంగు ఊడదీయు మందు పూసి, తడిగా నుండగనే గీకి, ఆ చెత్తను మూటగట్టి వేఱుగా ఉంచవలెను. చేతులకు తొడుగులు, ముక్కునకు ధూళిని ఆపు మంచి మాస్కు ఉండవలెను. ఆ చోటికి పిల్లలను, గర్భవతులను రానీయరాదు. మన దేశమున గృహముల కొఱకు అమ్ము రంగులలో సీసము పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నియమములు చేయబడి, 2017 నవంబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. కాని ఆ నియమములు ఇండ్ల రంగులకే. యంత్రముల రంగు కొనునప్పుడు సీసము లేదని డబ్బాపై వ్రాసియున్నదో లేదో మనమే చూచుకొనవలెను.

ఇప్పుడు ఎన్నిక సంగతి. మన కార్యాలయములలో ఏ వస్తువు కొనవలెనన్నను ముందుగా అవసరమును వ్రాయుదుము. పిమ్మట ధర చూతుము. ఇరువదేండ్లు ఆ పని చేసియు నా సొంత ఇంజను విషయమున ధరయు, నిగారింపును ముందు చూచి, అవసరమును మఱచితిని. ఈ పర్యాయము ఒక కాగితముపై ఇంజనును నాలుగు భాగములుగా వ్రాసికొంటిని.

టాంకు వెలుపలి భాగము, కార్బురేటరు పరిసరములు: పెట్రోలు పడు చోటు. ఇచ్చట రెండు డబ్బాల రంగు తప్పదు. ఎపాక్సీ ఇనుమును గట్టిగా పట్టుకొనును, పెట్రోలునకు ఓర్చును. కాని ఎండకు వెలసి, సుద్దవలె పొడి రాలును. పి.యు. ఎండకును పెట్రోలునకును ఓర్చును. కావున ఎపాక్సీ అస్తరు, దానిపై పి.యు. పూత అని నిశ్చయించితిని.

తక్కిన శరీరము, చక్రములు: ఇచ్చట మంచి ఎనామెలు చాలును. కాని రెండు రకముల రంగులలో ఒకే ఆకుపచ్చ సరిగా కలియదు. పైగా ఎనామెలుపై రెండు డబ్బాల రంగు పడినచో దాని ఘాటైన థిన్నరునకు క్రింది పూత ముడుతలు పడి లేచును. అందుచేత అంతటను పి.యు. యే వేసితిని.

పొగగొట్టము: ఇచ్చటి వేడికి పి.యు. నిలువదు. సిలికాను కలిసిన వెండి రంగు వేఱుగా దొరకును. అది ఇంజను వేడికే పూర్తిగా గట్టిపడును.

టాంకు లోపల: ఏ సామాన్యపు రంగును వేయరాదు. ఊడిన పొరలు కార్బురేటరులోని సన్నని రంధ్రమును మూసివేయును. శుభ్రపఱచి వదలుట మేలు. పైగా ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. కావున పని ముగిసిన పిమ్మట ఆ పెట్రోలును టాంకులో నిలువ ఉంచరాదు.

పి.యు. రంగును గూర్చి ఒక హెచ్చరిక చెప్పనిదే ముందునకు పోరాదు. దాని హార్డెనరులో ఐసోసయనేటులు అను ద్రవ్యములుండును. వానిని పీల్చినవారికి ఉబ్బసము వంటి వ్యాధి వచ్చి, అది జీవితాంతము వదలకపోవచ్చును. స్ప్రేతో కొట్టినప్పుడు ఆ తుంపురులు గాలి నిండ వ్యాపించును. మామూలు గుడ్డ మాస్కు అక్కఱకు రాదు. వెలుపలి గాలిని గొట్టముతో తెచ్చు ముసుగు గల పనివారే స్ప్రే చేయవలెను. నేను కొట్టము వెలుపల, గాలి ప్రసరించు చోట, తొడుగులు వేసికొని కుంచెతోనే వేసితిని. నిగారింపు కొంచెము తగ్గినది, ఊపిరితిత్తులు మిగిలినవి.

రంగు వేయుటకన్న వేయుటకు ముందు చేసిన పనియే పెద్దది. పోత ఇనుములో కంటికి కనబడని రంధ్రములుండును. డెబ్బది యేండ్ల నూనె అందులో ఇంకియున్నది. పైకి తుడిచి శుభ్రమైనదని తలచితిని. మే నెల యెండలో ఒక గంట ఉంచగా, చెమట పోసినట్లు నూనె పైకి వచ్చినది. తుడుచుట, ఎండబెట్టుట, మరల తుడుచుట. ఇట్లు తెల్లని గుడ్డకు మరక అంటని వఱకు చేసి, ఆ దినముననే తుప్పు పట్టకుండ అస్తరు వేసితిని. ఇత్తడి మూతలను మా అమ్మ చింతపండుతో తోమి పెట్టినది. ఆ పనికి శాస్త్రము అక్కఱలేదు.

పై పూతకు మాత్రము తొందరపడలేదు. పి.యు. హార్డెనరు తేమతో గూడ కలియును. అప్పుడు పూతలో బుడగలు లేచును. మా సముద్రపు గాలికి తేమ ఎక్కువ. కావున వానలు వెనుకబడిన పిమ్మట, డిసెంబరు మొదటి వారమున సెలవు పెట్టి, వేసవినాటి అస్తరును మరల గరుకుచేసి, పలుచగా ఇంకొక అస్తరు వేసి, మంచు విడిచిన పదిగంటలకు మొదలిడి మూడుగంటల లోపల పూత ముగించితిని. రంగును, హార్డెనరును డబ్బాపై వ్రాసిన పాళ్ళ చొప్పున కొలిచి కలిపితిని. కంటి అంచనా పనికిరాదు. కలిపినదానిని వ్రాసిన గడువు లోపల వాడవలెను, మిగిలినచో పాఱవేయవలసినదే. వంటయింటిలో తోడు హెచ్చిన పెరుగు పులియును గాని తినవచ్చును. ఇచ్చట ఆ సౌకర్యము లేదు.

రంగు ఛాయను ఎట్లు నిర్ణయించితివని కొందఱు అడిగిరి. వెనుక భాగమున మిగిలిన పాత రంగును తడిచేసి, బ్రిటిషు ప్రమాణపు 381-సి రంగుల పట్టికతో పోల్చగా 226వ సంఖ్యగల మధ్యమ బ్రన్స్‌విక్ ఆకుపచ్చకు చేరువగా నుండెను. ఫైలుకు సంఖ్య యున్నట్లే రంగునకును సంఖ్య యుండుట చూచి నాకు పుట్టింటికి వచ్చినట్లైనది.

ఇంజనుకు వేసిన దినముననే ఒక పాత ఇనుప రేకుపై అదే అస్తరు, అదే రంగు వేసి యుంచితిని. ఇదియే అన్నిటికన్న ముఖ్యమైన పని యని నా మనవి. నెల గడచిన తరువాత, పెట్రోలులో తడిపిన దూదిని ఆ రేకుపై పెట్టి, పెట్రోలు ఆవిరి కాకుండ చిన్న స్టీలు గిన్నె బోర్లించి, ఒక గంట ఉంచితిని. దీపము, పొయ్యి దరిదాపుల లేకుండ ఆరుబయటనే ఈ పని చేయవలెను. తీసి, తెల్లగుడ్డతో తుడిచి, గోటితో గీచి చూచితిని. గుడ్డకు రంగు అంటలేదు, గోరు దిగలేదు. ప్రక్కన నా పాత ఎనామెలు పూసిన రేకును గూడ అట్లే పరీక్షించితిని. నెలల తరబడి ఆఱినదైనను అది గోటికి మెత్తగా లేచివచ్చినది. దుకాణదారుని మాటయు, డబ్బామీది మాటయు విననక్కఱలేదని కాదు. కాని తాతగారి వస్తువుపై ప్రయోగము చేయుటకు ముందు రేకుముక్కపై ప్రయోగము చేయుట మేలు.

ఒక్క విషయమున మాత్రము నాన్నగారు నన్ను ఆపిరి. "అంతా వేసేయకు, వెనక కొంచెం ఉంచు" అనిరి. తాతగారి నాటి రంగు నిలిచిన ఆ వెనుక భాగమున, అరచేయి మేరకు గీకక, వేయక వదలితిని. సీసము చేతులకు అంటకుండ దానిపై పారదర్శకమైన వార్నిషు మాత్రము పూసితిని. క్రొత్త రంగు ఎన్ని పర్యాయములైనను వేయవచ్చును. పాతది ఒక్క పర్యాయమే గదా యుండును. చరిత్ర విద్యార్థినైన నాకు ఆ మాట తోచలేదు, ఆయనకు తోచినది.

2025 సంక్రాంతికి అందఱము ఊరికి చేరితిమి. జనవరి 15వ తేదీ కనుమ. ఎద్దులను పూజించు దినము. మా యింట ఇప్పుడు ఎద్దులు లేవు. ఎద్దుల పని చేసిన ఇంజను ఉన్నది. దానికే పసుపు కుంకుమలు పెట్టితిమి. ఈ పర్యాయము బంధువులను పిలువలేదు. తమ్ముడు పెట్రోలు పోసెను. మరల కొంత తొణికినది. నేను గుడ్డ తీసికొని ముందునకు ఉరుకబోగా, మామయ్యగారు నా చేయి పట్టి ఆపిరి. నాన్నగారు ఎప్పటివలె ఎడమచేయి టాంకుపై ఆనించి హ్యాండిలు త్రిప్పిరి. ఇంజను లేచినది. చాలసేపు ఆ శబ్దము వినుచు అట్లే నిలిచిరి. పిమ్మట చేయి తీసి, కన్నులకు దగ్గఱగా పెట్టుకొని అరచేతిని చూచుకొనిరి. మా అమ్మాయి, "ఏమీ అంటలేదు తాతగారూ" అన్నది. "అంటలేదమ్మా" అని ఆయన మరల ఆ చేతిని టాంకుపై పెట్టిరి.

మిత్రులారా, మీ యింట నట్టి పాత వస్తువున్నచో బాగుచేయుడు. ఐతే రంగు కొనుటకు ముందు ఒక్క ప్రశ్న అడుగుడు: దీనిమీద ఏమి పడును? గీకుటకు ముందు ఇంకొక ప్రశ్న: ఈ దుమ్ములో ఏమున్నది, నా చెంత కూర్చున్నది ఎవరు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము దొరకిన పిమ్మట, ఆఱుటకు దానికి కావలసినంత కాలము ఇయ్యుడు.

 శాతవాహనులను వచ్చే యేటికి వాయిదా వేసిన కార్యదర్శిగారికి ప్రత్యేక కృతజ్ఞతలు.